ఒకే గోడ మీద నాలుగు క్యాలెండర్లు: హైదరాబాద్ పండగల తేదీల లెక్క

2023 సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం మా బాబాయ్ టెంట్ హౌస్‌లో కూర్చుని ఉన్నా. మలక్‌పేట వైపు చిన్న షాపు. షామియానాలు, కుర్చీలు, డేగిశాలు, సీరియల్ లైట్లు, దగ్గుతూ దగ్గుతూ స్టార్ట్ అయ్యే ఒక జనరేటర్, అంతే సరుకు. వినాయకుడి మండపం పిల్లలు వచ్చి 28వ తారీఖు దాకా లైట్లు కావాలని బయానా ఇచ్చి వెళ్లారు, గంట కూడా కాలేదు, పక్క గల్లీ నుంచి ఇంకో నలుగురు వచ్చి మిలాద్‌కి, అంటే ప్రవక్త పుట్టినరోజు పండగకి, లైట్లు కావాలి భాయ్ అన్నారు, తారీఖు ఎంత అంటే 28. బాబాయ్ రెండు రసీదులూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూసి, "ఇదేందిరా, పోయినేడు గణేశ్ నిమజ్జనం సెప్టెంబర్ మొదట్లనే అయిపాయె, మిలాద్ అక్టోబర్‌ల వచ్చె, ఈసారి రెండూ ఒక్కటే దినం ఎట్ల వడ్డయ్?" అని అడిగాడు.

నేనేదో తెలిసినట్టు "అట్లా కలుస్తుంటాయి బాబాయ్, కాకతాళీయం" అని చెప్పా. అది పూర్తిగా తప్పు అని వచ్చే ఏడాది, ఆ పై ఏడాది కూడా అదే జరిగాక అర్థమైంది. 2024లో నిమజ్జనం సెప్టెంబర్ 17, మిలాద్ దాన్ని ఆనుకునే. 2025లో నిమజ్జనం సెప్టెంబర్ 6, మిలాద్ 5. మూడేళ్లు వరుసగా కాకతాళీయం ఎట్లా అవుతుంది చెప్పండి. అప్పుడు కూర్చుని షాపు గోడకున్న క్యాలెండర్‌ని కాస్త బుద్ధిగా చదివా, అదేనండీ ప్రతి ఇంట్లో ఉండేది, పెద్ద అంకె కింద తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం, ఓ మూల చిన్న అక్షరాల్లో ముస్లిం నెల పేరు. మనం పెద్ద అంకె మాత్రమే చూస్తాం. అసలు కథంతా ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది.

సంగతేంటంటే ఈ ఊరు ఒక క్యాలెండర్ మీద నడవదు, నాలుగింటి మీద నడుస్తుంది. ఒకటి ఉత్త చంద్రుడిది, ముస్లింల హిజ్రీ క్యాలెండర్, రంజాన్, మొహర్రం, బక్రీద్, మిలాద్ అన్నీ దాని మీదే. రెండోది చంద్రుడిదే గానీ మధ్యమధ్యలో సూర్యుడితో సరిచూసుకునేది, ఉగాది నుంచి దీపావళి దాకా మన పండగలు చాలావరకు దాని మీద. మూడోది ఉత్త సూర్యుడిది, సంక్రాంతి, కార్తెలు. నాలుగోది మన ఫోన్లో ఉండే ఇంగ్లీషు క్యాలెండర్, నుమాయిష్ (నాంపల్లి ఎగ్జిబిషన్) లాంటివి దాని మీద. ఈ నాలుగూ వేర్వేరు స్పీడుల్లో తిరుగుతుంటాయి, అందుకే పండగలు ఒక ఏడు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి, ఇంకో ఏడు నెల దూరం జరుగుతాయి.

ముందు సులువైనది చూద్దాం. అమావాస్య నుంచి అమావాస్యకి సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు. పన్నెండు నెలలు కలిపితే 354. సూర్యుడి సంవత్సరం 365. అంటే ఏటా దాదాపు 11 రోజులు తక్కువ. హిజ్రీ క్యాలెండర్ ఆ 11 రోజుల్ని అస్సలు పట్టించుకోదు, వదిలేస్తుంది, కాబట్టి రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకొచ్చేస్తుంది. 2016లో జూన్‌లో మొదలైంది, 2024లో మార్చి 12కి వచ్చేసింది, 2025లో మార్చి 2కి. ఇట్లా వెనక్కి నడుచుకుంటూ మొత్తం చుట్టు తిరిగి మొదలైన చోటికి రావడానికి ముప్పై రెండు ముప్పై మూడేళ్లు పడుతుంది. ఒక మనిషి జీవితంలో రంజాన్ ఎండాకాలానికి రెండుసార్లు, అదృష్టం బావుంటే మూడుసార్లు వస్తుందన్నమాట. హలీం రుచి మారదు గానీ హలీం తినే అనుభవం మాత్రం పూర్తిగా మారిపోతుంది, మే నెలలో భట్టీ పక్కన నిలబడి చెమటలు కక్కుతూ తినడం వేరు, జనవరి చలిలో ఆవిరి ఊదుకుంటూ తినడం వేరు. (2010లో హైదరాబాద్ హలీంకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ సర్టిఫికెట్‌లో సీజన్ సంగతి రాసి ఉండదనుకోండి.)

ఇక్కడ ఒక పక్కదారి. పాత నిజాం రాజ్యంలో హిజ్రీ సంవత్సరం ఉండగా ఫసలీ అని ఇంకోటి ఎందుకు నడిపారో ఎప్పుడైనా ఆలోచించారా? పాత పహాణీలు, భూమి కాగితాలు చూసినవాళ్లకి ఆ పదం తెలుసు. ఫసల్ అంటే పంట. పంట సూర్యుడి ప్రకారం వస్తుంది, హిజ్రీ సంవత్సరం ఏటా 11 రోజులు జారుతుంది, మరి శిస్తు వసూలు తారీఖు కూడా జారితే రైతు ఇంకా కోత కొయ్యకముందే పట్వారీ వచ్చి తలుపు కొడతాడు. అందుకే అక్బర్ కాలంలో పుట్టిన ఈ పద్ధతిని ఇక్కడా వాడారు, ఆజూర్, దై, బహ్మన్ అంటూ పారశీ నెల పేర్లతో. నమాజుకి ఒక లెక్క, శిస్తుకి ఇంకో లెక్క. ఒకే ఊళ్లో రెండు మూడు క్యాలెండర్లతో బతకడం మనకి కొత్తేం కాదు. అసలు ఈ ఊరు పుట్టిన 1591 కూడా హిజ్రీ వెయ్యో సంవత్సరం మొదలైన ఏడే.

ఇక మన చాంద్రమానం. దీనికీ అదే 354 రోజులు, అదే 11 రోజుల తగ్గుదల, అందుకే వినాయక చవితి కూడా ఏటా 11 రోజులు ముందుకొస్తుంది, కానీ రెండు మూడేళ్లు ఇట్లా వచ్చాక లోటు దాదాపు ఒక నెల అవుతుంది కదా, అప్పుడు ఒక నెలని అదనంగా ఇరికిస్తారు. అదే అధికమాసం. ఏ నెలని ఇరికించాలో ఎవరూ కూర్చుని నిర్ణయించరు, దానికో రూల్ ఉంది. సూర్యుడు ఒక రాశి నుంచి ఇంకో రాశిలోకి వెళ్లడాన్ని సంక్రమణం అంటాం, మామూలుగా ప్రతి చాంద్రమాసంలో ఒక సంక్రమణం పడుతుంది. ఎప్పుడైనా రెండు అమావాస్యల మధ్య సంక్రమణమే లేకుండా నెల గడిచిపోతే అది అధికం. 2020లో ఆశ్వయుజం, 2023లో శ్రావణం, 2026లో జ్యేష్ఠం, మే 17 నుంచి జూన్ 15 దాకా. మొత్తం మీద 19 ఏళ్లలో ఏడుసార్లు వస్తుంది, ఆ 19 ఏళ్లకి తిథి, తేదీ దాదాపు మళ్లీ కలుస్తాయి. 2023లో లాగే 2004లో కూడా అధిక శ్రావణమే, చవితి కూడా సెప్టెంబర్ 18నే. మీకు 19 నిండిన పుట్టినరోజుకి తిథీ తారీఖూ ఒకే రోజు, లేదా ఒక రోజు అటూ ఇటూ పడి ఉంటాయి, ఇంట్లో పాత క్యాలెండర్లుంటే చూసుకోండి.

టెంట్ హౌస్ వాళ్లకి అధికమాసం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. ముహూర్తాలు ఉండవు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. దానికి తోడు ఆషాఢం శూన్యమాసం, పైన గురు మూఢమో శుక్ర మూఢమో పడితే ఆ ఏడు కథే వేరు. మా బాబాయ్ పంచాంగం కొనేది జాతకం కోసం కాదు, షాపు అద్దె ఎట్లా కట్టాలో చూసుకోవడానికి.

అధికమాసం లేకపోతే ఏమయ్యేదో బతుకమ్మని చూస్తే తెలుస్తుంది. బతుకమ్మకి కావాల్సింది తంగేడు, గునుగు, కట్లపూలు, సీతజడ, బంతి. ఇవన్నీ వానాకాలం చివర్లో పూచేవి. ఉత్త చంద్రుడి లెక్క మీద వదిలేస్తే పది పదిహేనేళ్లలో బతుకమ్మ ఏప్రిల్, మే నెలల్లోకి జారిపోయేది, తంగేడు దొరక్క ప్లాస్టిక్ పూలు పేర్చుకోవాల్సి వచ్చేది. రెండున్నరేళ్లకోసారి నెలని ఇరికించడం వల్లే పండగ పూలని వదిలిపెట్టకుండా సెప్టెంబర్, అక్టోబర్ మధ్యే ఊగుతూ ఉంటుంది. పట్నంలో గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్లి గునుగు కట్ట కొని, ఇంటికొచ్చి చాప మీద కూర్చుని కాడలు సమానంగా కోసి, గిన్నెల్లో రంగు కలిపి తెల్ల గునుగుని ముంచి ఆరబెట్టే ఆడవాళ్లకి ఈ లెక్కలు అక్కర్లేదు, పూలు వచ్చాయంటే పండగ వచ్చినట్టే.

కానీ అదే అధికమాసం ఒక్కోసారి బతుకమ్మనే ఇరుకున పెడుతుంది. ఎంగిలిపూల బతుకమ్మ మహాలయ అమావాస్య రోజు, మర్నాటి నుంచి నవరాత్రులు, అష్టమికి సద్దుల బతుకమ్మ, మొత్తం తొమ్మిది రోజులు వరసగా. 2020లో మహాలయ అమావాస్య సెప్టెంబర్ 17న వచ్చింది, మర్నాటి నుంచి అధిక ఆశ్వయుజం, నవరాత్రులేమో అక్టోబర్ 17న గానీ మొదలవలేదు. మరి ఎంగిలిపూలు ఎప్పుడు పేర్చాలి, ఇప్పుడా నెల తర్వాతా? ఆ ఏడు దీని మీద జరిగిన చర్చ అంతా ఇంతా కాదు, మా కాలనీలో ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు వాళ్లు ఒక రోజు, నాలుగో అంతస్తు వాళ్లు ఇంకో రోజు ఆడారు, కరోనా కాబట్టి ఎవరి మెట్ల దగ్గర వాళ్లే ఆడుకున్నారనుకోండి, గొడవ కాలేదు.

సరే, ఇప్పుడు బాబాయ్ ప్రశ్నకి వద్దాం, ఎందుకంటే ఈ వ్యాసంలో నాకు నిజంగా చెప్పాలనిపించింది ఇదొక్కటే.

చాలామంది ఏమనుకుంటారంటే, ముస్లిం పండగలు తిరుగుతుంటాయి, మన పండగలు నిలకడగా ఉంటాయి, తిరిగేది వచ్చి నిలబడినదాన్ని తాకుతుంది అని. కాదు. రెండు అధికమాసాల మధ్య రెండు క్యాలెండర్లూ ఒకే స్పీడులో, ఏటా అవే 11 రోజులు చొప్పున, చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెనక్కి నడుస్తాయి. రెండింటికీ చంద్రుడు ఒక్కడే కదా! అమావాస్య తర్వాత నెలవంక కనిపించే సాయంత్రం వాళ్లకి నెల మొదలు, మనకది పాడ్యమో విదియో. కాబట్టి వాళ్ల ఒకటో తారీఖు ఇంచుమించు మన విదియ. అదే లెక్కన వాళ్ల పదో తారీఖు మన ఏకాదశి, వాళ్ల పన్నెండు మన త్రయోదశి, ఒక్కరోజు అటూ ఇటూ. మిలాద్ రబీ ఉల్ అవ్వల్ 12, గణేశ్ నిమజ్జనం భాద్రపద శుద్ధ చతుర్దశి. అంటే ఏ ఏడైతే రబీ ఉల్ అవ్వల్ నెలా భాద్రపదమూ ఒకటే నెల అవుతాయో, ఆ ఏడు ఈ రెండు పండగలూ కలిసి తీరాల్సిందే, వేరే దారే లేదు. పైగా అధికమాసం వచ్చేదాకా ఏటా అట్లాగే కలుస్తాయి.

2023లో అధిక శ్రావణం వచ్చి భాద్రపదాన్ని ఒక నెల కిందికి తోసి సరిగ్గా రబీ ఉల్ అవ్వల్ మీద కూర్చోబెట్టింది. అక్కణ్ణుంచి 2024, 2025 రెండేళ్లూ అదే జంట. 2026 అధిక జ్యేష్ఠం మళ్లీ భాద్రపదాన్ని ఇంకో నెల తోసేసింది, చవితి సెప్టెంబర్ 14, నిమజ్జనం 25, మిలాద్ ఏమో ఆగస్టు చివర్లోనే అయిపోతుంది. జంట విడిపోయింది. ఇంతకుముందు ఇట్లా కలిసింది 1991, 92లో, మళ్లీ కలవడానికి పన్నెండు అధికమాసాలు కావాలి, అంటే ఇంకో ముప్పై రెండేళ్లు, 2050ల మధ్యలో ఎప్పుడో.

ఈ కీలకం తెలిశాక క్యాలెండర్‌లో ఎక్కడ చూసినా అదే కనిపించడం మొదలైంది నాకు. 2023లో తొలి ఏకాదశి రోజు బక్రీద్, జూన్ 29. 2024లో తొలి ఏకాదశి జూలై 17, అదే రోజు పదో మొహర్రం. 2025లో తొలి ఏకాదశి జూలై 6, మళ్లీ అదే రోజు పదో మొహర్రం. బక్రీద్ కూడా పదో తారీఖే కదా, అందుకే ఎప్పుడొచ్చినా ఏదో ఒక ఏకాదశి దగ్గరే పడుతుంది. రంజాన్ పండగ ఒకటో తారీఖు, అందుకే ఏదో ఒక విదియ తదియల దగ్గర. 2024లో ఉగాది ఏప్రిల్ 9, రంజాన్ 11. 2025లో ఉగాది మార్చి 30, రంజాన్ 31, పచ్చడి గిన్నె కడగకముందే పక్కింటి నుంచి షీర్ ఖుర్మా గిన్నె వచ్చింది. 2026లోనూ ఉగాది వెనకాలే రంజాన్.

ఊరికి దీనివల్ల వచ్చే ఇబ్బందులు చిన్నవేం కాదు. మూడేళ్లూ మిలాద్ ఊరేగింపు పెట్టే పెద్దలు దాన్ని నిమజ్జనం అయ్యాక ఇంకో రోజుకి మార్చుకున్నారు, 2023లో అక్టోబర్ 1కి, 2024లో సెప్టెంబర్ 19కి, 2025లో సెప్టెంబర్ 14కి. పండగ పండగ రోజే, ఊరేగింపు మాత్రం తర్వాత. ఒకసారి ఆలోచించండి, బాలాపూర్ నుంచి చార్మినార్, మోజంజాహీ మార్కెట్ మీదుగా హుస్సేన్ సాగర్ దాకా లారీల వరస, ఖైరతాబాద్‌లో ఒక్క గణపతే 60, 70 అడుగులు (1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైంది అది), అదే రోడ్ల మీద అదే రోజు ఇంకో ఊరేగింపు అంటే పోలీసోళ్లు ఎక్కడ నిలబడాలి. మా బాబాయ్ కూడా బయానా తారీఖు మార్చి రాసుకున్నాడు, మండపం నుంచి విప్పిన లైట్లే మూడ్రోజుల తర్వాత పక్క గల్లీలో వేలాడాయి. మధ్యలో ఆ తాడుకంటుకున్న గులాల్ తుడవడానికి మా తమ్ముడికి ఒక పూట పట్టింది.

మొహర్రం, బోనాలు కలిసిన ఏళ్లలో ఇంకో తమాషా సమస్య, ఏనుగు. పదో మొహర్రం రోజు దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బీబీ కా ఆలం అనే పీరు ఏనుగు మీద బయల్దేరి చాదర్‌ఘాట్ దాకా వెళ్తుంది. పాతబస్తీ బోనాల్లో అక్కన్న మాదన్న గుడి అమ్మవారి ఘటం కూడా ఏనుగు మీదే ఊరేగుతుంది. ఒకప్పుడు జూలో ఉండే రజని అనే ఏనుగు రెండింటికీ వెళ్లొచ్చేది, ఈ మధ్య పక్క రాష్ట్రాల నుంచి తెప్పిస్తున్నారు. ఆషాఢం, మొహర్రం ఒకటే నెల అయితే ఒకసారి తెప్పించిన ఏనుగుతో రెండు పనులూ అయిపోతాయి, విడిపోతే విడివిడిగా. చంద్రుడు ఏనుగు రవాణా ఖర్చుని కూడా డిసైడ్ చేస్తాడని ఏ పంచాంగంలోనూ రాయరు.

బోనాల లెక్క మళ్లీ వేరే. అందరూ అడిగే ప్రశ్న, "బోనాలు ఎప్పుడు?" దానికి ఒక్క తారీఖు చెప్పడం కుదరదు, ఏ బోనాలు అని తిరిగి అడగాలి. నెల చంద్రుడిది, ఆషాఢం, కానీ రోజు మాత్రం తిథి ప్రకారం కాదు, వారం ప్రకారం. మొదటి గురువారమో ఆదివారమో గోల్కొండ కోట మీద జగదాంబ దగ్గర మొదలు, తర్వాతి ఆదివారాల్లో సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, దాన్నే లష్కర్ బోనాలు అంటాం, ఆ పై ఆదివారం లాల్‌దర్వాజ సింహవాహిని, పాతబస్తీ మొత్తం. 2025లో అయితే గోల్కొండ జూన్ 26, లష్కర్ జూలై 13, లాల్‌దర్వాజ జూలై 20. ఒక్కో ప్రాంతం తన వంతు కోసం ఆగుతుంది, అందుకే చుట్టాలు ఈ ఆదివారం మనింటికొస్తే వచ్చే ఆదివారం మనం వాళ్లింటికి పోవచ్చు, యాటకూర రెండుసార్లు తినొచ్చు. ఒకే రోజు పెట్టి ఉంటే ఇది కుదిరేది కాదు, నన్నడిగితే ఇంతకంటే తెలివైన క్యాలెండర్ ఇంకోటి లేదు.

లష్కర్ బోనాల మూలం 1813 నాటి కలరా. పల్టన్‌లో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉండగా ఇక్కడ జనం రాలిపోతున్నారని విని మహంకాళికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చి 1815లో అమ్మవారిని ప్రతిష్ఠించాడని గుడి చరిత్ర. ఆషాఢమే ఎందుకంటే వానలు పడి కొత్తనీరు వచ్చే కాలం, రోగాలొచ్చే కాలం, పసుపూ వేపాకూ అక్కరకొచ్చే కాలం. సోమవారం పొద్దున రంగంలో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పేటప్పుడు జనం ముందుగా చెవులు రిక్కించేది కూడా వానల గురించే. అంటే చూడండి, నెల చంద్రుడిది, వారం ఊరిది, కారణం మాత్రం రుతువుది.

తిథుల గొడవ గురించి కూడా రెండు మాటలు. తిథి అంటే 24 గంటల రోజు కాదు, చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరగడానికి పట్టే టైము, ఒక్కోసారి 19 గంటలు, ఒక్కోసారి 26. కాబట్టి అది పొద్దున్నే మొదలవ్వాలని లేదు, ఎప్పుడైనా మొదలవ్వొచ్చు. మామూలుగా సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజుకి అదే, కానీ కొన్ని పండగలకి వేరే వేళ ముఖ్యం, వినాయక చవితికి మధ్యాహ్నం, శివరాత్రికి అర్ధరాత్రి, దీపావళికి సాయంత్రం. 2023లో చవితి సెప్టెంబర్ 18 మధ్యాహ్నం మొదలై 19 మధ్యాహ్నం దాకా ఉంది, రెండు మధ్యాహ్నాలనీ కాస్త కాస్త తాకింది, ఇంకేముంది, 18నా 19నా అని వారం రోజులు ఫ్యామిలీ గ్రూపుల్లో యుద్ధం. దానికి తోడు పంచాంగాల్లో రెండు వర్గాలు, పాత సిద్ధాంతం ప్రకారం లెక్కేసే పూర్వగణితం వాళ్లు, ఆకాశంలో గ్రహం నిజంగా ఎక్కడుందో చూసి లెక్కేసే దృగ్గణితం వాళ్లు. ఇద్దరికీ మధ్య కొన్ని గంటల తేడా వస్తుంది, ఆ కొన్ని గంటలు సరిగ్గా సూర్యోదయం దగ్గర పడ్డాయంటే పండగ రోజే మారిపోతుంది.

అటువైపు కథ రివర్స్. వాళ్లకి లెక్కతో పని లేదు, కంటికి కనిపించాలి. ఇరవై తొమ్మిదో ఉపవాసం సాయంత్రం నెలవంక కనిపించిందో లేదో తేల్చే రుయత్-ఎ-హిలాల్ కమిటీ చెప్పేదాకా రేపు పండగో ఇంకో ఉపవాసమో ఎవరికీ తెలియదు. పత్తర్‌గట్టీలో, లాడ్ బజార్‌లో షాపుల వాళ్లు ఆ అరగంట ఫోన్లు పట్టుకుని నిలబడి ఉంటారు, చాంద్ ముబారక్ అన్న మాట వినపడగానే గాజుల దుకాణాల ముందు అడుగు పెట్టే సందు ఉండదు, తెల్లారేదాకా. మనవాళ్లేమో ఏడాది ముందే లెక్కేసి ఏడాదంతా కొట్లాడుకుంటారు, వాళ్లేమో ఆఖరి అరగంట దాకా ఆగి ఒక్క మాటతో తేల్చేస్తారు.

సూర్యుడి పండగలకి ఈ తలనొప్పులేం లేవు. సంక్రాంతి జనవరి 14 లేదా 15, అంతే. ఊళ్లకి పోయేవాళ్ల కార్లు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు తీరుతాయి, ఊరు సగం ఖాళీ, మిగిలినవాళ్లు ధూల్‌పేటలో పతంగులు, మాంజా కొనుక్కుని డాబాలెక్కుతారు. కాకపోతే ఇదీ కదులుతోంది, మనకి కనిపించనంత మెల్లగా. మకర రాశి నక్షత్రాల లెక్కది, ఇంగ్లీషు క్యాలెండర్ రుతువుల లెక్కది, రెండు సంవత్సరాలకీ ఇరవై నిమిషాలు తేడా. ఆ ఇరవై నిమిషాలు పోగై డెబ్బై ఏళ్లకి ఒక రోజు అవుతుంది. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 ఆ ఏటి మకర సంక్రాంతి. ఇప్పుడు 14, 15 మధ్య ఊగుతోంది, మన మునిమనవలకి 16.

కార్తెలూ అంతే, సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె, ఒక్కోటి 13, 14 రోజులు. మృగశిర జూన్ 7, 8 తేదీల్లోనే వస్తుంది, ఎండలు విరిగి చినుకు పడే వేళ. ఆ రోజు రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో కొర్రమీను రేటు అడగడానికే ధైర్యం కావాలి. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని కుటుంబం వాళ్లు చేపమందు వేస్తారు, ఆస్తమా తగ్గుతుందని దేశమంతటి నుంచి వస్తారు, దాని పనితనానికి శాస్త్రీయంగా రుజువు లేదన్నది వేరే సంగతి. ట్రైన్ టికెట్ రెండు నెలల ముందు బుక్ చేసుకోగలుగుతున్నారంటే అది సూర్యుడి పుణ్యమే.

అదే గ్రౌండ్‌లో జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్, 46 రోజులు. 1938లో ఉస్మానియా గ్రాడ్యుయేట్లు కొందరు పబ్లిక్ గార్డెన్స్‌లో స్వదేశీ సరుకుల ప్రదర్శనగా మొదలుపెట్టారు, ఏడో నిజాం ప్రారంభించాడు, జాగా చాలక 1946లో నాంపల్లికి మారింది. చంద్రుడూ లేడు, నక్షత్రమూ లేదు, పండితుడితో పనిలేదు, ఊళ్లో అందరికీ ఒకే తారీఖు గుర్తున్న పండగ ఏదైనా ఉందంటే బహుశా ఇదే. మా ఇంట్లో కాశ్మీరీ శాలువా, లక్నో కుర్తా, ఊరగాయ జాడీ, మూత సరిగ్గా పట్టని స్టీలు డబ్బా, అన్నీ అక్కడివే.

మరి నిలబడి ఉన్న ఈ నుమాయిష్ మీదికి ఇప్పుడు నడుచుకుంటూ వస్తున్నది రంజాన్ నెల. 2027లో ఫిబ్రవరి 8, 9 ప్రాంతంలో మొదలవుతుంది, అంటే నుమాయిష్ ఆఖరి వారం. 2028లో జనవరి చివర్లో, 2029లో జనవరి మధ్యలో, అంటే దాదాపు నెలంతా నుమాయిష్ లోపలే. 2030లో అయితే జనవరిలో ఒక రంజాన్, మళ్లీ డిసెంబర్ చివర్లో ఇంకో రంజాన్ మొదలు, ఒకే ఇంగ్లీషు సంవత్సరంలో రెండు. నుమాయిష్ సందడి మొదలయ్యేది సాయంత్రం నాలుగు దాటాక, ఇఫ్తార్ ఆరు గంటలకి, తరావీ నమాజు ఎనిమిదిన్నరకి. ఇదివరకు 1990ల చివర్లో ఇట్లా కలిసినప్పుడు బాబాయ్‌కి పాతికేళ్లు, షాపు ఇంకా పెట్టలేదు, నుమాయిష్‌లో ఒక స్టాల్‌లో చెప్పులమ్మేవాడు. ఆరింటికి పక్క స్టాల్ అతను పేపర్ పరిచి ఖర్జూరాలు పెడితే ఇద్దరూ తినేవాళ్లంట, ఆ పది నిమిషాలు జెయింట్ వీల్ తప్ప అంతా చప్పబడేదంట. మొన్న ఈ లెక్క చెప్తే పాత డైరీ తీసి 2029 జనవరి అని రాసుకున్నాడు, లైట్లు ఎక్కువ కొనాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నాడు.